పిండి దగ్గు

మా ఆయనా నేనూ పెళ్లయినప్పట్నుంచీ ఒకే మంచం మీద పడుకున్నాం. కాకపోతే కలిసి పడుకున్నది మాత్రం ఆ ఒక్క వానాకాలమే.

ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు, మా సందులో అందరి కాపురాలూ అలాగే ఏడిచాయి. బిస్కెట్ ఫ్యాక్టరీలో నాది పగటి షిఫ్టు, ఆయనది రాత్రి షిఫ్టు. నేను ప్యాకింగ్ బల్ల దగ్గర, ఆయన పిండి జల్లెడ దగ్గర. గదుల్లో మంచాలు అద్దెకిచ్చేది కూడా ఆ షిఫ్టుల లెక్కనే. ఒక మంచానికి ఇద్దరు, పగలు పడుకునేవాళ్లొకరు, రాత్రి పడుకునేవాళ్లొకరు. పొద్దున్నే నేను లేచి పనికి పోతే, ఆయన పని దిగి వచ్చి నేను లేచిన చోటే నడుం వాల్చేవాడు.

మేం ఎదురుపడేది ఫ్యాక్టరీ గేటు దగ్గర. ఆయన బయటికొచ్చే జనంలో, నేను లోపలికెళ్లే జనంలో. "గడియ సరిగ్గా పడట్లేదు, చూసుకోండి" అని నేను, "సబ్బు అయిపోయింది" అని ఆయన. అంతలోనే వెనకున్నవాళ్లు తోసేసేవాళ్లు. అదీ మా సంసారం. నాకోసం దిండు కింద విరిగిన బిస్కెట్లు దాచేవాడు. సాయంత్రం నేనొచ్చేసరికి వాటికి చీమలు పట్టి ఉండేవి. తిట్టుకుంటూ దులిపేదాన్ని. తిట్టడానికి మనిషి ఎదురుగా ఉంటే కదా!

గది పెద్దక్కది. నాకు తోడబుట్టింది కాదు, సందులో అందరికీ ఆవిడ పెద్దక్కే. ఫ్యాక్టరీలో పొయ్యి దగ్గర ట్రేలు లాగేది. గది మొత్తం ఆవిడ అద్దెకు తీసుకుని మంచాలు మాకిచ్చేది. మంచానికీ మంచానికీ మధ్య కాలు పెట్టాలంటే పక్కకి తిరిగి నడవాలి. మేం ఆలుమగలమని మా మంచానికి మాత్రం పాత దుప్పటొకటి తెర కట్టింది. ఆ తెర వెనక ఎప్పుడూ ఒక్కరమే ఉంటామని ఆవిడకీ తెలుసు. "ఉండనీవే పిల్లా, పేరుకైనా మర్యాదగా ఉంటుంది" అనేది.

జల్లెడ దగ్గర పనిచేసే ప్రతి మనిషికీ దగ్గుంటుంది. గాల్లో లేచిన పిండి ముక్కులోకీ గొంతులోకీ పోయి ఛాతీలో పేరుకుంటుంది. పిండి దగ్గు అంటాం. మా ఆయనది మరీ ముదిరింది. ఆ ఎండాకాలం ఆఖర్లో ఫ్యాక్టరీ డాక్టరు ఛాతీకి ఎక్స్‌రే తీయించి, ఆయన్ని బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచాడు.

"పనికి అలవాటుపడిన ఒళ్లు కాబట్టి లాక్కొస్తున్నాడమ్మా. లోపల ఏమీ మిగల్లేదు. ఇంకో గట్టి జ్వరం తగిలిందంటే ఈ ఊపిరితిత్తులు తట్టుకోలేవు. ప్యాకింగ్‌లోకి మార్చమని రాస్తాను, వానలు వెళ్లాక మారుస్తారు. అందాకా జాగ్రత్తగా చూసుకో."

చూసుకోవడానికి మనిషి కళ్లబడితే కదా అని నోటిదాకా వచ్చి మింగేశాను. బయటికొచ్చాక, "ఏమన్నాడే?" అని అడిగాడు ఆయన. "బిస్కెట్లు తక్కువ తినమన్నాడు" అన్నాను. నవ్వబోయి దగ్గాడు. వానలు వెళ్లేదాకా ఈ మనిషిని జ్వరం పడకుండా కాపాడుకోవాలి. ఆ ఏడాది నాకు ఇంకో కోరిక లేదు.

వానలతో పాటే వచ్చింది ఆ మాయదారి జబ్బు. దగ్గూ జ్వరం, ఆ తర్వాత ఊపిరాడకపోవడం. జనం గుంపుగా ఉన్నచోట నిప్పంటుకున్నట్టు అంటుకుంటుందట. ఫ్యాక్టరీ వాళ్లు ఊరుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ప్యాకింగ్ బల్ల దగ్గర మనిషికీ మనిషికీ మధ్య నేలమీద సుద్దగీతలు గీయించారు. గీత దాటితే సూపర్‌వైజరు ఈల వేసేవాడు. పక్కనున్న మనిషితో నాలుగు ముక్కలు మాట్లాడాలంటే అరవాల్సి వచ్చేది, అరిచి చెప్పుకుంటే అవి కబుర్లెలా అవుతాయి? సగంమందిని ఇళ్లలోనే ఉండమన్నారు. రాత్రి షిఫ్టు మొత్తానికే ఆపేశారు. ఫ్యాక్టరీ ఎంత పలచబడిందో! నిలబడితే నాలుగువైపులా గాలి తగిలేది.

రాత్రి షిఫ్టు ఆపేస్తే ఆ మనుషులంతా రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటారన్నది ఎవరికీ తట్టలేదు. మాకూ తట్టలేదు, ఆ సాయంత్రం గదికొచ్చి తలుపు తీసేదాకా.

గది నిండా మనుషులు. మా పక్క మంచం దగ్గర మీసాలాయన నిలబడి ఉన్నాడు. లారీలకి పెట్టెలెక్కించే మనిషి, పగటి షిఫ్టు. ఆ మంచం మీద తాత పడుకుని ఉన్నాడు. నిజానికి తాతకి అంత వయసేం లేదు. జల్లెడ దగ్గర పనిచేసీ చేసీ కనుబొమలతో సహా తెల్లబడ్డాడని ఆ పేరు. ఏళ్ల తరబడి ఒకే మంచం పంచుకున్న ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడటం అదే మొదలు.

"ఓహో, తమరేనా?" అన్నాడు మీసాలాయన నడుం మీద చేతులేసుకుని. "ఇన్నేళ్లుగా నా దిండంతా పిండి చేసి పెడుతున్నది?"

"తమరేనా మీసాలకి రాసుకున్న నూనె దానికి పూస్తున్నది?" అన్నాడు తాత లేవకుండానే. "పిండీ నూనే కలిసి ఎప్పుడో బాగా నానింది. పొయ్యిమీద పెడితే రొట్టె అయిపోతుంది."

గదంతా ఘొల్లుమంది. పెద్దక్కయితే కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. మంచానికిద్దరు, ఒకరి తల దగ్గర ఇంకొకరి కాళ్లు. అలా సర్దుకున్నాం. సర్దుకోవడం మా సందులో పుట్టినవాళ్లకి ఒకరు నేర్పక్కర్లేదు. జల్లు కొడుతోందని ఉన్న ఒక్క కిటికీ మూసేశాం.

తెర వెనక మా ఆయన గోడకి అతుక్కుపోయి, "కొంచెం జరగవే" అన్నాడు.

"ఎక్కడికండీ జరిగేది? మీ పక్కన గోడ, నా పక్కన గొయ్యి."

"అయితే జరక్కు" అన్నాడు. తెర అవతల మీసాలాయన గట్టిగా గొంతు సవరించుకున్నాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనయింది.

ఆయన నిద్రలో పళ్లు నూరతాడని, లేవగానే కాసేపు పలకడని, టీలో చక్కెర ఎక్కువ పోయించుకుంటాడని నాకు అప్పుడు తెలిసింది, పెళ్లయిన ఇన్నేళ్లకి. ఇంకొకటి కూడా తెలిసింది. నేను మితభాషి అనుకున్న మనిషి ఒట్టి వాగుడుకాయ. నేను పనికి వెళ్లొచ్చేసరికి గదిలో ఎవరు ఎవరితో ఏమన్నారో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు, గొంతులు మార్చి మరీ. నాలుగు మాటలు, ఒక దగ్గు, మళ్లీ నాలుగు మాటలు. ఇప్పుడు చెప్పడానికి నోరు రావట్లేదు గానీ, ఊరంతా భయంతో వణుకుతున్న ఆ రోజుల్లో నేను సంతోషంగా ఉన్నాను. పనిలోంచి పరిగెత్తుకుంటూ వచ్చేదాన్ని. నా బతుకులో అంత సంతోషం అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

ముందు తాతకి దగ్గు పెరిగింది. ఎవరూ కంగారు పడలేదు సరికదా, సంబరపడ్డాం. ఎందుకంటే, ఏటా కొన్నాళ్లు రాత్రి షిఫ్టులో పిండి పని ఆపి, జల్లెడవాళ్లతో యంత్రాలు కడిగిస్తారు. అప్పుడు జల్లెడవాళ్లందరికీ దగ్గు ఎక్కువవుతుంది. బూడిదరంగు కఫం పడి పడి, చివరికి ఛాతీ తేలికవుతుంది. పిండి దిగడం అంటారు దాన్ని. ఇది గాలిమాట కాదు, ఏటేటా కళ్లారా చూసిందే. పిండి దిగుతున్న మనిషికి వేణ్నీళ్లిచ్చి, పక్కన కూర్చుని వీపు రాస్తారు. ఇంకా దగ్గమని ఉసిగొల్పుతారు.

"దగ్గు తాతా, దగ్గు, మొహమాటపడకు" అని మీసాలాయన తాత వీపు రాశాడు.

"ఒక బస్తెడు దిగినట్టుంది" అన్నాడు తాత ఆయాసపడుతూ. "ఇంకా గోదామంతా ఉంది."

తర్వాత మా ఆయనకి మొదలైంది. తెర వెనక నుంచి ఆ దగ్గు వినపడగానే పెద్దక్క, "మీ ఆయనకీ దిగుతోందే పిల్లా!" అని కేకేసింది. నా ముఖం చేటంతయింది. షిఫ్టు ఆగిపోవడం ఎంత మేలైందో అనుకున్నాను. వానలు వెళ్లాక డాక్టరు మళ్లీ ఎక్స్‌రే తీయించి ముక్కున వేలేసుకోవాలి అనుకున్నాను. వేణ్నీళ్లు తాగించాను. వీపు రాశాను. ఆయన దగ్గుతుంటే ఆ దగ్గు నా మెడమీద పడుతుండేది. ముఖం పక్కకి కూడా తిప్పుకోలేదు. ఎందుకు తిప్పుకుంటాను?

సందులోకి నర్సమ్మ వచ్చింది. లోపలికి రావడానికి చోటు లేక గడపలోనే నిలబడింది.

"మనిషికీ మనిషికీ మధ్య మంచమంత దూరం ఉండాలి" అంది, బట్టీపట్టిన పాఠం అప్పజెప్పినట్టు.

"మంచానికి ఇద్దరం పడి ఉంటే మంచమంత దూరమా తల్లీ?" అంది పెద్దక్క. "అయితే ఒకర్ని మేకు కొట్టి గోడకి తగిలిస్తాం."

మళ్లీ నవ్వులు. నర్సమ్మ కూడా నవ్వింది పాపం. "నాకు తెలీదా పెద్దమ్మా, మా ఇంట్లోనూ ఇంతే. చెప్పమన్నారు, చెప్తున్నాను. దగ్గు ఎవరికైనా ఉందా?"

ఆవిడ అడుగుతుండగానే తాత దగ్గాడు, తెర వెనక మా ఆయన దగ్గాడు.

"అది పిండి దగ్గమ్మా" అన్నాడు మీసాలాయన. "అది జబ్బు కాదు, మా పనే అంత."

"ఏ గదిలో అడిగినా అదే చెప్తున్నారు" అంది నర్సమ్మ. "పోనీ, ఒళ్లు కాలుతోందా ఎవరికైనా?"

"ఈ గదిలో కాలని ఒళ్లు ఎవరిదో చూపించు" అంది పెద్దక్క మెడ తుడుచుకుంటూ. అది నిజమే. మూసిన కిటికీ, అంతమంది ఊపిరి, మధ్యలో పొయ్యి. గోడలకి కూడా చెమటలు పట్టేవి. అందులో ఒకరికి జ్వరమొస్తే ఎవరు పోల్చుకోగలరు? నర్సమ్మ పై అంతస్తుకి వెళ్లిపోయింది.

ఒక సాయంత్రం తాత టీ గ్లాసు అందుకోబోయి అందుకోలేకపోయాడు. పెదాలు నల్లబడ్డాయి. గుడ్లు తేలేశాడు. మీసాలాయన ఒక్క ఉదుటున ఆయన్ని భుజాన వేసుకుని, వానలో సందు చివరిదాకా పరిగెత్తాడు. ఆసుపత్రి బండి వాళ్లు ఎక్కించుకున్నారు. మర్నాడు కబురొచ్చింది. తాత పోయాడని, అది పిండి దగ్గు కాదని, రెండూ ఒకే కబురులో వచ్చాయి.

మీసాలాయన మంచమెక్కలేదు. నేలమీద చతికిలబడి, "నేనే దగ్గమన్నాను కదే అక్కా, నేనే దగ్గమన్నాను" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అందరం అన్నవాళ్లమే.

తెర తీసి, "లేవండి" అన్నాను.

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా. మనుషులు లేనిచోటికి. ముందు మీరిక్కడ ఉండొద్దు."

సందుకి రెండు చివర్లా తాళ్లు కట్టేసి కాపలా పెట్టారు, పనికి తప్ప బయటికి పోనివ్వరు. ఆయన్ని మెల్లగా డాబామీదికి నడిపించాను. తలుపు తీశాను. మేడలో ప్రతి గదీ నాలాగే ఆలోచించింది. ముసలివాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, ఎవరింట్లో నీరసపు మనిషిని వాళ్లు తెచ్చి డాబామీద పెట్టారు. వానకి వాళ్లంతా ఒక్క టార్పాలిన్ కింద చేరి, గదుల్లోకంటే ఇరుగ్గా ఒకరిమీద ఒకరు పడి ఉన్నారు. ఇసక వేస్తే రాలేట్టు లేదు. అక్కడ దగ్గుతున్నవాళ్లు ఎవరో, దగ్గుకి దూరంగా వచ్చినవాళ్లు ఎవరో దేవుడికే తెలియాలి.

వెనక్కి తిరిగాం. మెట్లమీదా అంతే, మెట్టుకొకరు. ఒకావిడ ఒళ్లో పిల్లని సర్దుకుని, మోకాళ్లు ముడుచుకుని, "రామ్మా, కూర్చోబెట్టు ఆయన్ని. సర్దుకుందాం" అంది. ఆ మాట అన్నందుకు ఆవిడ కాళ్లమీద పడాలనిపించింది. ఆ మాట విన్నందుకు ఏడుపొచ్చింది.

కూర్చున్నాం. మెట్ల పక్క గోడకి చిన్న జాలీ ఉంది, అందులోంచి చల్లగా వానగాలి వస్తోంది. ఆయన చెయ్యి పట్టుకున్నాను. చుట్టూ చల్లగా ఉండబట్టి తెలిసింది, ఆ చెయ్యి కాలిపోతోందని.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"తాత కంటే ముందే అనుకుంటా."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆయన జాలీలోంచి బయటికి చూశాడు. "మొదట్లో పిండే అనుకున్నాను. తర్వాత... చెబితే దూరంగా పడుకుంటావని."

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ మంచంలో దూరం ఎక్కడుందండీ?" అని కోపం పట్టలేక ఆయన భుజంమీద ఒక్కటేశాను. పక్కనున్న ఆవిడ ముఖం తిప్పుకుంది. కొట్టిన భుజానికే తల ఆనించి కూర్చున్నాను. ఇక జాగ్రత్తపడటానికి ఏముంది?

ఆటల పోటీలు పెట్టే పెద్ద హాలుని ఆసుపత్రి చేశారు, బండిలో మమ్మల్నీ అక్కడికే తీసుకెళ్లారు. గుమ్మంలో బల్ల వేసుకుని కూర్చున్న డాక్టరుకి ఊపిరి తీసుకునే తీరిక లేదు.

"దగ్గు ఎప్పట్నుంచి?"

"పెళ్లికి ముందు నుంచీ అండీ."

తలెత్తి చూశాడు. వేళాకోళం అనుకున్నాడేమో. "జ్వరం?"

"తెలీదండీ. గదిలో అందరం వేడిగానే ఉన్నాం."

"దగ్గు పెరుగుతుంటే చూస్తూ ఊరుకున్నారా?"

"పెరిగితే మంచిదనుకున్నాం" అన్నాను.

డాక్టరు కలం ఆగింది. ఏదో తిట్టబోయాడు. నా వెనక వరసలో పిండి రంగు పట్టిన జుట్లతో నిలబడ్డ మా సందు మనుషుల్ని చూశాడు, వాళ్ల దగ్గు విన్నాడు. తిట్టకుండానే తర్వాతి మనిషిని పిలిచాడు.

మా ఆయన్ని లోపలికి తీసుకెళుతుంటే అద్దం తలుపులోంచి చూశాను. అంత ఖాళీ చోటు నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మంచానికీ మంచానికీ మధ్య మా గది పట్టేంత ఎడం. చెయ్యి చాస్తే తగిలే మనిషి లేడు, మంచినీళ్లడిగితే వినపడేంత దగ్గర్లో ఎవరూ లేరు. తెల్లటి దుప్పటి పరిచిన వెడల్పాటి మంచం, మొత్తం ఆయనదే. నర్సులు పడుకోబెట్టి అటు వెళ్లగానే ఆయన మెల్లగా ఒక అంచుకి జరిగి, అటు తిరిగి, సగం మంచం వదిలేసి పడుకున్నాడు.

నన్ను లోపలికి రానివ్వలేదు. నాకేదో కాస్త ఒళ్లు వెచ్చబడి ఊరుకుంది. దేవుడికి నామీద ఎందుకంత దయో, ఇప్పటికీ అర్థం కాదు. ఆ మంచంలో దగ్గంతా నామీదే పడింది కదా.

జబ్బు ముదరగానే ఫ్యాక్టరీ మొత్తం మూసేశారు. సందుకి కట్టిన తాళ్లు విప్పేశారు, ఇంక ఎవర్ని కాపాడాలని కడతారు? రోజూ పొద్దున్నే వెళ్లి ఆ హాలు గేటు దగ్గర నిలబడేదాన్ని. మొదట్లో అక్కడ ఒకర్నొకరు తోసుకునేవాళ్లం, సగం మా సందువాళ్లే. లోపల ఎవరెలా ఉన్నారో కాపలా మనిషి బయటికొచ్చి చెబితే విని, ఆడవాళ్లం ఒకరి చేతులొకరు పట్టుకునేవాళ్లం. పెద్దక్క కొన్నాళ్లు నాకు తోడొచ్చింది. ఆ తర్వాత ఆవిడే బండిలో వచ్చింది. ఆవిడ వెనకాల మీసాలాయన. మెట్లమీద చోటిచ్చిన ఆవిడ కూడా గేటు దగ్గర కనపడేది, ఒళ్లో పిల్ల లేకుండా. తర్వాత ఆవిడా కనపడలేదు. కొందరు లోపలికి వెళ్లారు, కొందరికి ఇంక రావాల్సిన పని లేకపోయింది.

ఆ రోజు తెరిపిచ్చింది. కాపలా మనిషి గేటు దాటి నా దగ్గరికే నేరుగా నడిచి వచ్చాడు. అతను నోరు విప్పకముందే నాకు అర్థమైంది. అయినా చెప్పాడు. తెల్లవారుజామున పోయాడని చెప్పాడు, చూడనివ్వరని చెప్పాడు. గేటు ఊచ పట్టుకుని అలాగే నిలబడ్డాను. అతను ఏం చేయాలో తోచక అటూ ఇటూ చూశాడు. రోజుల తరబడి అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుతో, అలవాటు కొద్దీ, "గుంపు కూడొద్దు. జరగండి, దూరంగా జరగండి" అన్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. రోడ్డు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఖాళీగా ఉంది.

"ఎవరికి దూరంగా జరగమంటావు బాబూ?" అని అడిగాను.